నొప్పి మాత్రలు – కాలేయము చేయు పని
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



నాగలి పట్టినవారికి నడుము నొప్పియు, నాట్లు వేసిన తల్లులకు మోకాళ్ల నొప్పియు క్రొత్తవి కావు. అంగడిలో ఉప్పు దొరకినంత సులభముగా నేడు నొప్పి మాత్ర దొరకుచున్నది. మాత్ర మ్రింగిన కొంతసేపటికి నొప్పి తగ్గును. అటుపిమ్మట ఆ మందు ఏమగునని యడుగువారు మాత్రము అరుదు.

ప్రాచీనులు కాలేయమును యకృత్తనిరి. సుశ్రుత సంహిత రంజకపిత్తమునకు యకృత్ప్లీహములను స్థానముగా జెప్పినది. ఆధునిక శాస్త్రము ఆ యకృత్తునందే ఔషధములను మార్చు ఎంజైములను కనుగొన్నది. వానిలో ముఖ్యమైన కుటుంబము సైటోక్రోమ్ పి 450. 1962లో ఒమురా, సాతో అను జపాను శాస్త్రజ్ఞులు దీనికీ పేరు పెట్టిరి. కార్బన్ మోనాక్సైడుతో కూడినపుడు ఈ పదార్థము 450 నానోమీటర్ల కాంతిని మిక్కిలిగా గ్రహించుటయే ఆ పేరునకు కారణము.

తలకు పెట్టిన నూనె వట్టి నీటితో పోదు. కుంకుడుకాయ పులుసు పోసినగాని వదలదు. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి వాపు మందులును క్రొవ్వునందు కరుగునవి గావున, మూత్రపిండములు వానిని ఉన్నవున్నట్లు వెడలింపజాలవు. అందుచే కాలేయము రెండంచెలుగా పని చేయును. మొదట సి.వై.పి. 2సి9 అను ఎంజైము మందునకు ఆక్సిజనును చేర్చును. పిదప వేరొక ఎంజైము గ్లూకురోనిక్ ఆమ్లమును తగిలించును. కొంత మందునకు ఈ రెండవ పని నేరుగానే జరుగును. ఇట్లు నీట కరుగు రూపము దాల్చిన మందు మూత్రముతోను, పైత్యరసముతోను వెలికి పోవును.

ఈ పని యెంత వేగముగా సాగునో లెక్కలో చూడవచ్చును. దేహమందలి ఇబుప్రొఫెన్ సుమారు 2 గంటలకు సగమగును. 400 మిల్లీగ్రాములు 2 గంటలకు 200, 4 గంటలకు 100, 6 గంటలకు 50 అగును. నాప్రోక్సెన్ సగమగుటకు 12 గంటలకు పైగా పట్టును. పైరాక్సికామునకు సుమారు 50 గంటలు కావలెను. అన్నియు నొప్పి మాత్రలే కదా యని పైరాక్సికామును దినమునకు ముమ్మారు మ్రింగినవాడు పాత బాకీ తీరకమునుపే క్రొత్త అప్పు చేసినవాడగును.

ఆస్పిరిన్ లెక్క మరియొక తీరు. జర్మనీ దేశమున బేయర్ సంస్థయందు 1897లో హాఫ్‌మన్ దీనిని శుద్ధరూపమున తయారు చేసెను. దీనినుండి పుట్టు శాలిసిలిక్ ఆమ్లమునకు కాలేయము గ్లైసీనును జోడించును. ఒక్క కాటాయే యున్న ధాన్యపు కొట్టునకు బండ్లు ఎక్కువ వచ్చినచో బారు తీరి నిలువవలసినదే. అట్లే కొద్ది మోతాదులో 3 గంటలకు సగమగు మందు, పెద్ద మోతాదులో 15 గంటలకు పైగా నిలిచిపోవును. రెట్టింపు మాత్రలకు రెట్టింపు కాలము చాలునను లెక్క ఇచట చెల్లదు.

మనుష్యులందరి కాలేయములును సమానము కావు. సి.వై.పి. 2సి9 జన్యువు కొందరియందు మందకొడి రూపమున నుండును. భారతీయులలోను అట్టివారు కలరు. వారి దేహమున ఇబుప్రొఫెన్, సెలికాక్సిబ్, మెలాక్సికామ్, పైరాక్సికామ్ మెల్లగా కరుగును. ఇట్టివారికి మోతాదు తగ్గించు విధానమును తెలుపు అంతర్జాతీయ మార్గదర్శకములు 2020లో వెలువడినవి. పొరుగువానికి సరిపడిన మాత్ర మనకును సరిపడునని నమ్మరాదు.

ఇందులకు గొప్ప నిదర్శనము రాబందులు. జటాయువునకు శ్రీరాముడు అంత్యక్రియలు జరిపిన దేశమిది. అట్టి దేశమున 1990 తరువాత రాబందులు గుంపులు గుంపులుగా నశించెను. పశువులకిచ్చిన డైక్లోఫెనాకే అందులకు హేతువని 2004లో ప్రకటిత మయ్యెను. ఆ మందు శేషించిన కళేబరమును తిన్న రాబందునకు మూత్రపిండములు చెడి, యూరిక్ ఆమ్లము అవయవములపై సున్నమువలె పేరుకొనును. మెలాక్సికామును మాత్రము ఆ పక్షి త్వరగా వెడలించుకొనగలదు. 2006లో ప్రభుత్వము పశువైద్యమున డైక్లోఫెనాకును నిషేధించినది. పశుదేహమున డైక్లోఫెనాకుగా మారు అసిక్లోఫెనాకును 2023లో నిషేధింపబడినది. పశువునకు మేలు చేసిన మందే పక్షికి మృత్యువైనది.

కావున కొన్ని జాగ్రత్తలు. వేర్వేరు పేర్ల మాత్రలలో ఒకే మందుండవచ్చును. అట్టపై పేరు చదివినగాని రెండు కలిపి మ్రింగరాదు. జంట మాత్రలలో తరచుగా పారాసిటమాల్ చేరియుండును. అది మితిమీరినచో దానినుండి పుట్టు విషశేషమును కాలేయము అణచలేక తానే నశించును. మద్యపానము చేయువారికి ఈ యపాయ మధికము. కడుపులో పుండు, మూత్రపిండ వ్యాధి, కాలేయ వ్యాధి గలవారును, గర్భిణులును వైద్యుని యడుగక వాపు మందులు వాడరాదు. మాత్రలు వాడుచుండగా కన్నులు పచ్చబడినను, మూత్రము ముదురు రంగు దాల్చినను, మలము నల్లబడినను తక్షణమే మాని వైద్యుని చేరవలెను.

అట్టమీది సన్నని అక్షరములు చదువగలుగుటయు విద్యయే. ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా ఊరివారికి చదువు నేర్పినది. ఆ చదువు ఒక్క యింట ఒక్క కాలేయమును కాపాడినను ఈ రజతోత్సవము సార్థకము.

స్వస్తి.