సంధికార్యము: రూబీ సర్వరుకును అప్లికేషనుకును కుదిరిన ఒడంబడిక చరిత్ర



ఎవరి స్మృతికై మనము ఈ సాయంకాలము ఇచట సమావేశమైతిమో ఆ మాస్టారు, మాకు కంప్యూటరు పాఠములు చెప్పుటకు పూర్వము కొన్నియేండ్లు తెలుగు వ్యాకరణము బోధించినవారు. కావున ఏ రెండు యంత్రముల కలయికను గూర్చి చెప్పవలసివచ్చినను వారి నోట మొదట వెలువడు మాట సంధి. రెండు పదములు కలియుచోట ఏది లోపించినది, ఏది ఆగమమై చేరినది, ఏది ఆదేశమై నిలిచినది అని అడుగనివానికి ఆ కలయిక బోధపడదని వారి నిశ్చయము. హెచ్‌టీటీపీ రిక్వెస్టును రూబీ భాషలోని వెబ్ అప్లికేషనుకు అనువుగా మలచు ర్యాక్ అను ఒడంబడికను నేడు వారి ప్రశ్నలతోనే పరిశీలింపబూనితిని.

ఈ కథకు మూలము రూబీకి వెలుపల నున్నది. 1993లో, అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎన్‌సీఎస్‌ఏ వారి వెబ్ సర్వరుతో సీజీఐ అను పద్ధతి ప్రచారమునకు వచ్చెను. సర్వరు తనకందిన ప్రతి రిక్వెస్టుకును ఒక క్రొత్త ప్రాసెస్‌ను పుట్టించి, వచ్చిన విధమును రిక్వెస్ట్ మెథడ్ అనియు, కోరిన దారిని పాత్ ఇన్ఫో అనియు, ప్రశ్నార్థకము తరువాతి భాగమును క్వెరీ స్ట్రింగ్ అనియు పేర్లు పెట్టి, ఆ ప్రాసెస్ యొక్క పరిసరములో నుంచెడిది. ప్రోగ్రాము ఏ భాషలోనున్నను చెల్లునను సౌలభ్యము దీనికి కలదు. కాని ఒక్కొక్క అతిథికి ఒక్కొక్క పొయ్యి రాజేసి, విస్తరి ఎత్తినంతనే దానిని ఆర్పివేయు వంటశాల ఎంతకాలము సాగును?

యుకిహిరో మత్సుమొటో 1995లో లోకమునకందించిన రూబీలో ఈ చిక్కు తీరుటకు పలు మార్గములు తెరువబడెను. 2003లో వెలువడిన 1.8వ రూపముతో వెబ్రిక్ అను సర్వరు భాషతోపాటే లభించెను; 2004లో డేవిడ్ హైన్‌మియర్ హాన్సన్ రైల్స్ అను ఫ్రేమ్‌వర్కును ప్రకటించెను; 2006లో జెడ్ షా నిర్మించిన మాంగ్రెల్ అను సర్వరు, రిక్వెస్టును చదువు భాగమును సీ భాషలో నుంచుటచే, వేగమునకు పేరుగాంచెను. సంపద పెరిగినకొలది పితలాటకమును పెరిగెను. ప్రతి ఫ్రేమ్‌వర్కునకును ప్రతి సర్వరుతో వేరువేరుగా అతుకు వేయవలసివచ్చుటచే, సర్వరులు నాలుగును ఫ్రేమ్‌వర్కులు నాలుగును ఉన్నచోట పదునారు అతుకులు కావలసియుండెను. నడుమ ఒక్క ఒడంబడికయున్నచో ఎనిమిదితోనే పని తీరును.

ఇట్టి ఒడంబడికను పైథాన్ భాషవారు ముందుగా కుదుర్చుకొనిరి. ఫిలిప్ ఎబీ 2003 డిసెంబరులో ప్రతిపాదించిన విస్గీ అను నియమావళి అది. ఆ మార్గమును రూబీ స్వభావమునకు ఒదిగించి, లేయా నోయ్‌కిర్షెన్ 2007 మార్చిలో ర్యాక్ తొలి రూపమును విడుదల చేసిరి. అందలి షరతు విన్నవారు ఇంతేనా యని తలంతురు. కాల్ అను పిలుపునకు పలుకగల ఏ వస్తువైనను అప్లికేషనే. దానికి ఎన్వ్ అను ఒక్క హ్యాష్‌ను అందించినచో, అది స్థితిసంఖ్య, హెడరులు, బాడీ అను మూడింటిని ఒక వరుసగా తిరిగి యీయవలెను. బాడీ తన ముక్కలను ఒకటొకటిగా అందింపగలిగిన చాలును.

ఇక ఒక్క రిక్వెస్టును చేరువనుండి చూతము. పాఠకుడొకడు నిఘంటువు సైటులో తెలుగు అను పదమును వెదకెననుకొనుడు. కంటికి మూడక్షరములైన ఆ మాట యూనికోడ్‌లో ఆరు సంకేతములు. యూటీఎఫ్-8లో ఒక్కొక్కటి మూడేసి బైట్లు, వెరసి 18. ప్రతి బైటును శాతపు గుర్తుతో కలిపి మూడు చిహ్నములుగా మారుటచే క్వెరీ స్ట్రింగ్‌లో 54 చిహ్నముల దండయై నిలుచును. ర్యాక్ ఒడంబడిక ఆ దండను విప్పదు, ఉన్నదున్నట్లే చేతికిచ్చును. ర్యాక్‌తో వచ్చు రిక్వెస్ట్ అను సహాయక తరగతిని అడిగినప్పుడే మూడక్షరముల తెలుగు మరల కనబడును. అడుగనిదే చేయకుండుట ఈ ఒడంబడికకు గల వినయము.

ఆ రిక్వెస్టుతోనే, పాఠకుడు కోరు భాషను తెలుపు యాక్సెప్ట్-లాంగ్వేజ్ అను హెడరు వచ్చును. అది ఎన్వ్‌లో చేరునప్పుడు చిన్నబడి పెద్దబడి భేదము లోపించును. నడిమి అడ్డగీతకు మారుగా క్రిందిగీత ఆదేశమగును. ముందు హెచ్‌టీటీపీ అను ఉపసర్గ ఆగమమగును. ఆగమము మిత్రుని వలె వచ్చి ప్రక్కన చేరునని వైయాకరణులందురు. బయటివాడు పంపిన పేరు సర్వరు స్వయముగా పెట్టిన పేరుతో కలిసిపోకుండ కాచుటకే ఈ ఉపసర్గము కలదు. అయితే సీజీఐలో ఆ మిత్రుడే యొకచోట శత్రువయ్యెను. ప్రాక్సీ అను హెడరును ఎవడైన పంపినచో, అది ఉపసర్గతో కలిసి, ప్రోగ్రాములు బయటి లోకమునకు పోవు దారిని తెలిసికొను పరిసరనామముగా మారును. అంతట ఆ ప్రోగ్రాము పంపు సందేశములు పరుని చేతిగుండ పోవచ్చును. ఈ లోపము 2016 జులైలో విస్తృతముగా ప్రకటితమయ్యెను. ర్యాక్ పాతపేర్లనే నిలుపుకొన్నను వాని నివాసమును మార్చెను: అవి ప్రాసెస్ పరిసరములో గాక, ఆ ఒక్క పిలుపుకై యిచ్చిన హ్యాష్‌లో నుండును. కావున సీజీఐ మీదనే నడిపిన సందర్భమున తప్ప, ర్యాక్‌కు ఆ ఆపద సహజముగా అంటదు.

షరతు చిన్నదగుటచే దాని నడుమ మరికొందరు నిలువగలిగిరి. పిలుపును అందుకొని, ఎన్వ్‌ను సవరించి, లోపలివానిని పిలిచి, వచ్చిన జవాబును దిద్ది పంపు మిడిల్‌వేర్ బయటికి అప్లికేషను వలెను, లోపలికి సర్వరు వలెను కనబడును. 2009 మార్చిలో రైల్స్ 2.3 ర్యాక్ మీద నిలిచినది మొదలు ఈ పద్ధతి రూబీ వెబ్‌లోకమంతటికిని సామాన్యధర్మమయ్యెను.

లోటు లేకపోలేదు. ఒక పిలుపు, ఒక జవాబు అను కట్టడిలో ఇరువురును ఎడతెగక మాటలాడుకొను సంభాషణ ఇముడదు. 2013 నాటి 1.5వ రూపమున సాకెట్టునే అప్లికేషను వశము చేయు ఏర్పాటు వచ్చెను గాని, అది ఒడంబడికకు పొడిగింపు కంటె దానినుండి తప్పుకొను త్రోవ యనుటయే న్యాయము. 2022 నాటి మూడవ ర్యాక్, హెచ్‌టీటీపీ-2 ఆచారము ననుసరించి, జవాబు హెడరుల పేర్లన్నియు చిన్నబడిలోనే యుండవలెనని విధించెను.

మాస్టారి పరీక్షలో కలిపిన పదమునిచ్చి సంధి విడదీయుడను ప్రశ్న తప్పక యుండెడిది; విడదీసినప్పుడు రెండు పదములును చెడక నిలిచిననే అది సంధి, లేనిచో అది అతుకు అని వారు దిద్దెడివారు. ర్యాక్‌ను ఆ ప్రశ్నతో పరీక్షింతము: మాంగ్రెల్ కాలము ముగిసెను. 2011లో వచ్చిన ప్యూమా అను సర్వరు, రిక్వెస్టును చదువు దాని పార్సరును మాత్రము వారసత్వముగా గైకొని, ఆ స్థానమున నిలిచెను. ర్యాక్‌కు కట్టుబడిన అప్లికేషను తన ద్వారమును మార్చుకొనవలసిన పనిలేకపోయెను. ఆ విడదీతకు మాస్టారు ఎఱ్ఱసిరాతో పూర్తి మార్కులు వేసియుందురని నా నమ్మకము.