దూరాన ఉన్న సర్వరుకు ఒక తాళంచెవి

సభ్య సంఘాల కార్యదర్శులకు, కంప్యూటరు ఆపరేటర్లకు జరిగిన శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం



నేను ఇంజనీరును కాను. సహకార డిప్లొమా చేసి, ఈ శాఖలో చేరి, క్యాష్ బుక్కులూ స్టాకు రిజిస్టర్లూ తిరగేస్తూ తల నెరిసినవాడిని. అటువంటివాడు సర్వరు గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. అయితే పాల లెక్క ఇప్పుడు పుస్తకంలో లేదు, సర్వరులో ఉంది. లెక్క ఎక్కడికి పోతే ఇన్‌స్పెక్టరూ అక్కడికి పోవాలి కదా. అందుచేత నేర్చుకున్నాను. ఎలా నేర్చుకోవలసి వచ్చిందో ముందుగా చెబుతాను.

కొన్నేళ్ల క్రితం వానాకాలం. నా తనిఖీ పరిధిలో ఒక పాల శీతలీకరణ కేంద్రం ఉండేది. చుట్టుపక్కల ఊళ్ల తూకాలు, వెన్న శాతాలు, ఎస్‌.ఎన్‌.ఎఫ్‌. అంకెలు అన్నీ అక్కడి సర్వరుకే చేరేవి. పదిహేను రోజుల బిల్లు తయారుకావలసిన ముందురోజు రాత్రి గాలివాన వచ్చి కరెంటు పోయింది. యూ.పీ.ఎస్‌. బ్యాటరీ ఉన్నంతసేపు ఉండి అదీ ఆగింది. తెల్లవారి కరెంటు వచ్చింది, సర్వరు దీపం వెలిగింది, కాని ఏ ఊరి నుంచీ దానిలోనికి వెళ్లటం కుదరలేదు. గది తాళంచెవి ఆపరేటరు దగ్గర ఉంది. ఆపరేటరు వాగుకు అవతలి ఊళ్లో ఉన్నాడు. వాగు పొంగి రోడ్డు మునిగింది. వాచ్‌మన్ కిటికీలోంచి చూసి, "తెర మీద ఏదో ఇంగ్లీషులో రాసి ఉంది సార్" అని మాత్రం చెప్పగలిగాడు.

మూడోరోజు వాగు తగ్గాక వెళ్లి చూస్తే, ఎఫ్‌1 మీట నొక్కితే ముందుకు సాగుతానని సర్వరు అడుగుతూ కూర్చుంది. లోపల మదర్‌బోర్డు మీద బిళ్లలాంటి చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. సీఆర్‌2032 అంటారు. అది అయిపోతే సర్వరు తన గడియారాన్నీ, కొన్ని అమరికలనూ మరచిపోతుంది. ఆ సంగతి మనిషికి చెప్పి, ఆయన సమ్మతి కోసం ఆగుతుంది. ఇంచుమించు ఒక లీటరు పాల ధర చేసే బిళ్ల, ఒక్క మీట నొక్కుడు. వాటి కోసం ఊళ్లన్నిటి బిల్లు మూడు రోజులు ఆగింది.

ఆ మూడు రోజుల్లో దాణా కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చుకున్నవారు ఉన్నారు. రెండు గేదెలున్న ఒక పెద్దామె నాతో అన్నమాట ఇప్పటికీ చెవిలో ఉంది. "బిల్లు ఆలస్యమైందని అడగటం లేదు సారూ, నా పాలు లెక్కలో ఉన్నాయా, పోయాయా? అది చెప్పండి" అంది. నా దగ్గర జవాబు లేదు. సహకార సంఘమంటే నమ్మకమే కదా. అది ఆ రోజు ఎఫ్‌1 మీట దగ్గర ఆగిపోయింది.

ఆ తరువాత ఆ కేంద్రంలో, దూరం నుంచి సర్వరును నడిపే పరికరం ఒకటి పెట్టించాము. దానిని కేవీఎం ఓవర్ ఐపీ అంటారు. కీబోర్డు, వీడియో, మౌస్ అనే మూడు మాటల మొదటి అక్షరాలే కేవీఎం. ఆ మూడింటినీ నెట్‌వర్కు మీదుగా మన చేతికి అందించటమే దీని పని.

"దూరం నుంచి నడపడానికి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదా, ఇదెందుకు?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. ఆ సాఫ్ట్‌వేర్లు సర్వరు పూర్తిగా లేచి, విండోసో లైనక్సో నడుస్తున్నప్పుడే పనిచేస్తాయి. మధ్యలో ఆగిపోతే అవి కూడా లేవవు. ఈ పరికరం సర్వరుకు బయట ఉంటుంది. తెరకు వెళ్లే బొమ్మను తాను అందుకుని మనకు చూపుతుంది. మనం నొక్కిన మీటను యూ.ఎస్‌.బీ. కీబోర్డు మాదిరిగా సర్వరుకు అందిస్తుంది. కాబట్టి మొట్టమొదటి నల్లతెర నుంచే మనకు కనబడుతుంది. ఎఫ్‌1 అడిగితే ఇంట్లో కూర్చుని నొక్కవచ్చు. విండోస్ చెడిపోతే, సీడీ పెట్టినట్టుగా దూరం నుంచే ఇన్‌స్టాలేషన్ ఫైలును అందించవచ్చు.

పెద్ద కంపెనీల సర్వర్లలో ఈ ఏర్పాటు బీఎంసీ అనే చిన్న కంప్యూటరు రూపంలో లోపలే ఉంటుంది. డెల్ వారిది ఐడ్రాక్, హెచ్‌పీఈ వారిది ఐఎల్‌ఓ. వీటికి ఐపీఎంఐ అనే ఉమ్మడి ప్రమాణం 1998లో వచ్చింది. మన కేంద్రాల్లో చాలాచోట్ల సర్వరు అంటే బల్ల కింద పెట్టిన మామూలు కంప్యూటరే. దానికి బయటి పెట్టె కావాలి. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటరు మీద పైకేవీఎం అనే ఉచిత సాఫ్ట్‌వేరు వేసి దీనిని తయారు చేసుకోవచ్చు. మేము పెట్టించింది అదే, రాస్ప్‌బెర్రీ పై 4 మీద.

అమర్చే పద్ధతి

వెన్నశాతం చూసే గెర్బర్ పరీక్ష మీలో పాతవారికి గుర్తుంటుంది. ముందు 10 మిల్లీలీటర్ల ఆమ్లం, తరువాత 10.75 మిల్లీలీటర్ల పాలు, ఆపైన 1 మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాలు. వరుస తప్పకూడదు. ఇక్కడా అంతే.

మొదటిది కరెంటు. సర్వరుతోపాటు ఈ పరికరమూ, నెట్ రౌటరూ, స్విచ్చీ అన్నీ యూ.పీ.ఎస్‌. మీద ఉండాలి. పరికరం బతికి రౌటరు పడుకుంటే లాభం లేదు.

రెండవది తీగలు. సర్వరు హెచ్‌డీఎంఐ నుంచి పరికరానికి ఒకటి. పాత కంప్యూటరుకు వీజీఏ మాత్రమే ఉంటే మధ్యలో కన్వర్టరు పెట్టాలి. పరికరం నుంచి సర్వరు యూ.ఎస్‌.బీ.కి మరొకటి. ఇక్కడ ఒక మెలిక ఉంది. రాస్ప్‌బెర్రీ పై 4లో కరెంటు తీసుకునే రంధ్రమూ, కీబోర్డుగా నటించే రంధ్రమూ ఒకటే. అందుచేత రెండు పాయల తీగ కావాలి. ఒక పాయ 5 వోల్టుల, 3 ఆంపియర్ల అడాప్టరుకు, ఇంకొకటి సర్వరుకు. సర్వరు వైపు పాయలో కరెంటు మోసే తీగ తెగి ఉండాలి, సంకేతాలు మాత్రమే పోవాలి. రెండు చోట్ల కరెంటు కలిస్తే పరికరానికీ సర్వరుకూ కూడా ప్రమాదం. మూడవ తీగ నెట్‌వర్కుది. దానికి వైఫై కన్నా తీగే మేలు.

మూడవది పవర్ బటను. సర్వరు మదర్‌బోర్డులో బటను తీగలు దిగే చోటుకు, మధ్యలో విద్యుత్తును వేరుచేసే చిన్న బోర్డు పెట్టి కలుపుతారు. అప్పుడు దూరం నుంచే ఆన్ చేయవచ్చు, ఆఫ్ చేయవచ్చు. ఒక హెచ్చరిక. కొద్దిగా నొక్కితే సర్వరు తన పనులు ముగించుకుని పడుకుంటుంది. నాలుగైదు సెకన్లు నొక్కి పట్టుకుంటే పీక నొక్కినట్టు ఆగిపోతుంది. వ్రాస్తున్న లెక్క సగంలో తెగవచ్చు. అది చివరి ఉపాయం మాత్రమే.

నాలుగవది చిరునామా. రౌటరులో ఈ పరికరానికి ఒక స్థిరమైన ఐపీ చిరునామా కేటాయించండి. లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడు చిరునామా మారవచ్చు, రాత్రిపూట వెతుక్కోవలసి వస్తుంది.

ఐదవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, పాస్‌వర్డు. బయటి ప్రపంచానికి కలపక ముందే మార్చాలి. పైకేవీఎం వచ్చేటప్పుడు దాని పాస్‌వర్డులు లోకమంతటికీ తెలిసినవే. బ్రౌజరులో తెరవడానికి పేరూ పాస్‌వర్డూ రెండూ 'అడ్మిన్', లోపలి యంత్రాంగానికి రెండూ 'రూట్'. ఇవి రెండు వేరువేరు తాళాలు. చాలామంది మొదటిది మార్చి రెండవది మరచిపోతారు. వీధి తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తీసి ఉంచినట్టు. ఇంకొకటి. కరెంటు కోతల్లో చెడిపోకుండా దాని మెమరీ కార్డును చదవటానికి మాత్రమే తెరచి ఉంచుతారు. మార్పులు చేసేముందు వ్రాసే స్థితికి మార్చి, పని కాగానే మళ్లీ చదివే స్థితికి తేవాలి.

ఆరవది దారి. రౌటరులో పోర్టు తెరచి దీనిని నేరుగా ఇంటర్నెట్టుకు ఎదురుగా పెట్టవద్దు. వైర్‌గార్డ్ లేదా టెయిల్‌స్కేల్ వంటి వీపీఎన్ ద్వారానే రావాలి. ఆరంకెల కోడు అడిగే రెండో తాళం కూడా పెట్టండి. ఆ కోడు సమయాన్ని బట్టి మారుతుంది. రాస్ప్‌బెర్రీ పై 4కు బ్యాటరీ గడియారం లేదు, నెట్ నుంచే సమయం తెచ్చుకుంటుంది. కోడు సరిగా కొట్టినా ఒప్పుకోకపోతే ముందుగా గడియారం చూడండి.

లోపలే ఏర్పాటున్న సర్వర్లు కొన్నవారికీ ఇదే మాట. పాస్‌వర్డు లేకుండానే చొరబడనిచ్చే లోపం ఒకటి ఒక రకం బీఎంసీ సాఫ్ట్‌వేరులో బయటపడింది. దుండగులు దానిని వాడుతున్నారని 2025 జూన్‌లో అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ తన హెచ్చరిక జాబితాలో చేర్చింది. అందుచేత తయారీదారు ఇచ్చే సవరణలు ఎప్పటికప్పుడు వేయించాలి.

నేను చేసిన తప్పు

ఇంతవరకు చెప్పింది పుస్తకం. ఇప్పుడు చెప్పబోయేది నా తప్పు.

మేము పెట్టించిన పరికరం కొన్ని నెలలు చక్కగా పనిచేసింది. అమర్చిన కుర్రవాడు చురుకైనవాడు, మంచివాడు. ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్లాడు. అప్పగింత కాగితం మీద "అన్నియు సక్రమముగా నున్నవి" అని వ్రాసి సంతకం చేసింది నేనే. ఒక రాత్రి సర్వరు మళ్లీ ఆగింది. పరికరం తెరవబోతే పాస్‌వర్డు ఎవరికీ తెలియదు. కుర్రవాడి ఫోను కలవలేదు. ఆ రాత్రి నేనే మోటారు సైకిలు మీద వెళ్లి, ఆపరేటరును లేపి, గది తెరిపించాను. తరువాత మెమరీ కార్డు తీసి మొదటినుంచీ మళ్లీ వ్రాయించవలసి వచ్చింది.

దారిలో నాకు రెండు సంగతులు తట్టాయి. తాళంచెవి గదికి ఉన్నప్పుడు ఒకరి జేబులో ఉంది. పరికరం పెట్టాక అదే తాళంచెవి మరొకరి తలలో ఉంది. మనం మార్చింది జేబును మాత్రమే. రెండవది ఇంకా భయపెట్టింది. మాకు తెలియని ఆ పాస్‌వర్డు, ఉద్యోగం వదిలిన వ్యక్తికి తెలుసు. ఆయన తలచుకుంటే ఇంటి నుంచే మా సర్వరు ముందు కూర్చోగలడు. ఏ అంకె మార్చినా, గదిలోకి వచ్చి మార్చినట్టే ఉంటుంది. ఆయన ఏమీ చేయలేదు. అది ఆయన మంచితనం, మన జాగ్రత్త కాదు.

ఇనప్పెట్టె తాళంచెవుల విషయంలో మనం ఇంత ఉదాసీనంగా ఉంటామా? కార్యదర్శి మారితే అప్పగింతలో నగదు లెక్కించి, తాళంచెవులు వ్రాసుకుని, ఇద్దరు సాక్షి సంతకాలు చేస్తారు. ఈ పరికరం కూడా ఇనప్పెట్టె తాళంచెవే. రైతుల లెక్కలున్న పెట్టెది.

కాబట్టి నేను ఇప్పుడు ఏ కేంద్రానికి తనిఖీకి వెళ్లినా ఐదు సంగతులు అడుగుతున్నాను. పరికరం ఎవరెవరు వాడవచ్చునో పాలకవర్గం తీర్మానంలో పేర్లు ఉన్నాయా? ఇద్దరికి తక్కువ కాకుండా, ఎవరి పాస్‌వర్డు వారికి ఉందా? అసలు పాస్‌వర్డులు సీలువేసిన కవరులో ఇనప్పెట్టెలో ఉన్నాయా? ఎవరైనా వెళ్లిపోయిన రోజే అవి మార్చారా? దూరం నుంచి తెరచిన ప్రతిసారీ తేదీ, సమయం, కారణం, పేరు రిజిస్టరులో వ్రాస్తున్నారా? వీటితోపాటు, నెలకొకసారి ఒక నిర్ణీత రోజున బయటి ఊరి నుంచి తెరచి చూడమంటున్నాను. అవసరం పడిన రాత్రే మొదటిసారి పరీక్షించకూడదు. సర్వరు తెరను లాక్ చేయకుండా వదలవద్దు. పరికరంలోంచి వచ్చినవాడు ఆ తెర ముందే కూర్చుంటాడు. బ్యాకప్ తీయటం మానవద్దు. ఈ పరికరం ఆగిన సర్వరును లేపుతుందే గాని, కాలిపోయిన డిస్కులోని లెక్కను తేలేదు.

చివరిగా, ఆ బిళ్ల బ్యాటరీని మరచిపోకండి. దానిని ఎప్పుడు మార్చారో సర్వరు పెట్టె మీదే చీటీ అంటించండి. కరెంటు రాగానే దానంతట అదే లేచేలా సర్వరు అమరికల్లో పెట్టించండి. దూరం నుంచి బాగుచేయటం మంచిదే, బాగుచేయవలసిన అవసరమే రాకపోవటం ఇంకా మంచిది.

ఆ పెద్దామె ఇప్పటికీ రెండు పూటలా పాలు పోస్తోంది. మొన్న తనిఖీకి వెళ్లినప్పుడు కనబడింది. "నా లెక్క భద్రంగా ఉందా సారూ?" అని అడిగింది. రిజిస్టరు చూసి, కవరు సీలు చూసి, బయటికి వచ్చి, "ఉందమ్మా" అన్నాను. మీ మీ కేంద్రాల్లో అడిగినవారికి మీరు కూడా చూసి చెప్పాలి, చూడకుండా చెప్పకూడదు.