అమ్మానాన్నలకు ఇంగ్లీషు నేర్పటం ఎట్లా?
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పాటలు, పద్యాలు, నాట్యాలతో కళకళలాడుతున్న ఈ వేదిక మీద ఇంగ్లీషు పాఠం ఊసెందుకని మీకు అనిపించవచ్చు. కాని ఈ అమెరికాలో, మన ఇళ్ళలోనే, ఇంగ్లీషు రాక నోరు కట్టుబడిపోయిన వారున్నారు. వారెవరో కాదు, అప్పో సప్పో చేసి మనలను చదివించి ఇంత దూరం పంపిన మన తల్లిదండ్రులు. కోడలి పురుటికనో, మనవల సంరక్షణకనో వస్తారు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకూ, పిల్లలు బడికీ పోయిన తరువాత ఫోను మోగితే తీయరు, తలుపు తడితే తీయరు. ఊళ్ళో పదిమందికి తగవులు తీర్చిన పెద్దమనిషి ఇక్కడ ఉత్తరాలు తెచ్చే అతనికి జవాబు చెప్పలేక లోపలి గదిలోకి వెళ్ళిపోతాడు. ఇందులో భాష మాట అటుంచి, మర్యాద మాట ఉన్నది.

మా సంఘంలో కొందరం కలిసి ఆదివారాలు ఇటువంటి పెద్దలకు ఇంగ్లీషు తరగతి నడుపుతున్నాం. మేము పట్టుకొన్న సూత్రం ఒక్కటే: ఈ పూట నేర్చుకొన్న మాట రేపు ఒక పనికి రావాలి. పనికిరాని మాట ఎంత చక్కగా వల్లించినా నిలవదు.

గురజాడవారి కన్యాశుల్కంలో వెంకమ్మగారి ముందు గిరీశమూ, వెంకటేశమూ ఇంగ్లీషులో మాట్లాడుకొనే ఘట్టం మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. వల్లించిన ముక్కలు అటూ ఇటూ విసురుకోవటమే ఆ సంభాషణ. తల్లి మురిసిపోతుంది. మనం నవ్వుకొంటాం గాని, అటువంటి చదువు మన బళ్ళలో చాలాకాలం సాగింది. పద్యం అప్పజెప్పి, వ్యాకరణ సూత్రం అప్పజెప్పి, మార్కులు తెచ్చుకొని, రైలు స్టేషనులో దారి అడగవలసివస్తే బిక్కమొహం వేసిన వారు మనలో ఎందరు లేరు?

ఈ లోపాన్ని గుర్తించి దారులు వెదికినవారూ ఉన్నారు. హైదరాబాదులో 1958లోనే ఇంగ్లీషు బోధన కోసం ఒక కేంద్ర సంస్థ వెలసింది. 2007 నుంచి అది విశ్వవిద్యాలయం. ఎన్. ఎస్. ప్రభుగారు 1979 నుంచి 1984 వరకు దక్షిణాది పాఠశాలల్లో ఒక ప్రయోగం నడిపారు. వ్యాకరణ పాఠానికి బదులు పిల్లల చేతికి రైళ్ళ వేళల పట్టికో, ఊరి పటమో ఇచ్చి, లెక్క తేల్చమన్నారు. మనసు పని మీద ఉంటే భాష దాని వెంట వస్తుందని ఆయన నమ్మకం. ఈ దేశంలో కాలిఫోర్నియాకు చెందిన జేమ్స్ ఆషర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మరొక మార్గం చూపారు. పసిబిడ్డ ముందు వింటుంది, చెప్పినట్టు చేస్తుంది, ఆ తరువాతనే మాట్లాడుతుంది. పెద్దలకూ అదే వరుస పాటించమన్నారు.

మా తరగతి ఈ రెండు దారులనూ కలుపుకొని సాగుతున్నది.

మొదటి వారాల్లో ఎవరినీ మాట్లాడమని అడగం. 'స్టాండప్', 'ఓపెన్ ది డోర్', 'టర్నాఫ్ ది స్టవ్' అని మేము చెబుతూ చేసి చూపుతాం, వారూ చేస్తారు. కాసేపటికి వరుస మార్చి చెబుతాం. స్టవ్ ఆర్పబోయి తలుపు తీసినవారిని చూసి అందరూ నవ్వుతారు, వారూ నవ్వుతారు. ఆ నవ్వుతో సగం భయం పోతుంది. తరువాత వారే మాకు ఆజ్ఞలిస్తారు. మమ్మల్ని లేపి కూర్చోబెట్టే అవకాశం వస్తే ఏ పిన్నిగారూ వదులుకోరు.

రెండవది, వారికి ముందే వచ్చిన ఇంగ్లీషు. 'నాకేమీ రాదమ్మా' అనే బామ్మగారి నోట రోజంతా బస్సు, టిక్కెట్టు, డాక్టరు, స్టవ్వు, బీపీ, షుగరు దొర్లుతూనే ఉంటాయి. ఈ మాటలు కాగితం మీద వేసి చూపితే ఆమెకే ఆశ్చర్యం. చివరి ఉకారం తుడిచేస్తే వాటిలో చాలా మాటలు ఇక్కడ చెల్లుతాయి. చెల్లనివీ ఉన్నవి. మన హోటలు భోజనానికి, ఇక్కడి హోటల్ బసకు. 'లూజ్ మోషన్స్' అంటే ఇక్కడి డాక్టరుకు అర్థం కాకపోవచ్చు, 'డయేరియా' అనాలి. ఆ తేడాలను ఒక పట్టీగా గోడకు తగిలిస్తాం.

మూడవది తంబోలా. 13కూ 30కీ, 15కూ 50కీ తేడా చెవికి పట్టటం కష్టం. 'థర్టీన్'లో తోక సాగుతుంది, 'థర్టీ'లో తల మీద బరువు పడుతుంది. పది ఆటలాడితే చెవి తెలుసుకొంటుంది. ఆట తరువాత కిరాణా దుకాణం ప్రకటన కాగితాలు పంచుతాం. ఒకరి కాగితంలో ధరలుంటాయి, రెండవవారి దాంట్లో ఉండవు. అడిగి రాసుకోవాలి. అడగవలసిన అవసరం ఉంటేనే కదా నోరు తెరుచుకొనేది! వియ్యాలవారిని మాత్రం ఒక జంటగా కూర్చోబెట్టం. ఎదుటివారి ముందు తప్పు పోతుందేమోనని ఇద్దరూ మౌనవ్రతం పడతారు.

నాలుగవది అన్నిటికన్నా ముఖ్యం: ఔను, కాదు. 'మాత్ర వేసుకోలేదా?' అంటే తెలుగులో 'ఔను, వేసుకోలేదు' అనటం సహజం. అదే అలవాటుతో, ఇంగ్లీషులో డాక్టరు 'డిడ్ంట్ యు టేక్ ది టాబ్లెట్?' అని అడిగితే అమ్మ 'యెస్' అంటుంది. వేసుకోలేదని ఆమె భావం, వేసుకొన్నదని డాక్టరు భావం. ఒక్క మాటలో రెండు వ్యతిరేకార్థాలు, నడుమ ఒక ప్రాణం! అందుకని ఒట్టి 'యెస్', 'నో' చెప్పవద్దంటాం. 'ఐ టుక్ ఇట్' అనో, 'ఐ డిడ్ నాట్ టేక్ ఇట్' అనో పూర్తిగా చెప్పిస్తాం. నిండు డబ్బీ, ఖాళీ డబ్బీ చేతికిచ్చి దీన్నీ ఆటగా ఆడిస్తాం. బొమ్మ ఫోను పట్టుకొని 911కు ఇంటి నంబరు, వీధి పేరు చెప్పటం కూడా ప్రతి వారం ఉంటుంది.

దీనితోపాటు ఒక వాక్యం అందరికీ కంఠతా రావాలి: 'ఐ స్పీక్ తెలుగు. ఇంటర్‌ప్రిటర్, ప్లీజ్.' 1964 పౌరహక్కుల చట్టం పునాదిగా, ఫెడరల్ నిధులు పొందే ఆసుపత్రులు రోగి భాష తెలిసిన దుబాసీని, ఫోనులోనైనా సరే, ఉచితంగా ఏర్పాటు చేయాలి. పదేళ్ళ మనవణ్ణి దుబాసీగా నిలబెట్టకండి. తన ఒంటి బాధ మనవడి ముందు చెప్పలేక నాయనమ్మ సగం దాచుకొంటుంది, మిగిలిన సగం వాడికి అర్థం కాదు.

చివరిది, వారి కథ. చిన్నప్పటి ముచ్చటో, గోంగూర పచ్చడి చేసే విధానమో వచ్చిన మాటల్లో చెబుతారు. మేము దాన్ని ఐదారు చిన్న వాక్యాలుగా పెద్ద అక్షరాలతో రాసి ఇస్తాం. వారి మొదటి ఇంగ్లీషు వాచకం అదే. మనవలు పక్కన కూర్చొని చదివిస్తారు, మధ్యలో 'గోంగూర అంటే ఏమిటి?' అని అడుగుతారు. ఇంగ్లీషు పాఠం ఆ విధంగా తెలుగు పాఠం కూడా అవుతుంది.

నేర్పేవారికి ఒక మనవి. వయసులో పెద్దవారు మన ముందు విద్యార్థులుగా కూర్చోవటం చిన్న సంగతి కాదు. ప్రతి తప్పునూ ఆపి దిద్దకండి. అర్థం చేరితే ముందుకు సాగనివ్వండి. చేరనిచోటనే సవరించండి. తెలుగులో అడిగితే తెలుగులోనే విడమరచి చెప్పండి. ఇంగ్లీషు తరగతిలో తెలుగు వినపడితే అపచారమేమీ లేదు. నిచ్చెన ఎక్కేవారికి కింద నేల గట్టిగా ఉండాలి గదా!

ఇందుకు పెద్ద ధనం అక్కరలేదు. మన సంఘం గది ఆదివారం ఉదయం ఖాళీగానే ఉంటుంది, కుర్చీలూ ఉన్నవి. కావలసినది మీలో మరి నలుగురు, వారానికొక గంట. సభ ముగిశాక పేర్లు ఇవ్వగోరేవారి కోసం ద్వారం దగ్గర బల్ల వద్ద ఉంటాం. మీ అమ్మగారినో, మామగారినో వెంటబెట్టుకొని రండి.

సెలవు.