బ్రౌజర్‌లో అడ్డుగోడలు



1881లో కౌలాలంపూర్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. చెక్కతో, ఆకుల కప్పుతో కట్టిన ఇళ్లు వరుసగా అంటుకున్నాయి. ఆ తరువాత బ్రిటిష్ పాలనాధికారిగా (రెసిడెంట్) వచ్చిన ఫ్రాంక్ స్వెట్టన్‌హామ్ కట్టడాలకు ఇటుక, పెంకులే వాడాలని ఆదేశించాడు. ఒకచోటి ప్రమాదం మరోచోటికి పాకకుండా వెబ్ బ్రౌజర్లు కూడా అలాంటి గోడలే కట్టుకున్నాయి.

ఒకప్పుడు బ్రౌజరంతా ఒకే ప్రాసెస్‌గా, అంటే కంప్యూటర్‌లో నడిచే ఒకే ప్రోగ్రామ్‌గా పనిచేసేది. ఒక పేజీ చెడితే తెరిచినవన్నీ ఒక్కసారిగా మూతపడేవి. 2008లో వచ్చిన గూగుల్ క్రోమ్ పేజీలను వేర్వేరు ప్రాసెస్‌లకు పంచింది. ఫైర్‌ఫాక్స్ 2016లో ఆ దారి పట్టింది. ఇప్పుడు ఒక పేజీ ఆగిపోయినా మిగతావి నడుస్తూనే ఉంటాయి.

అంతకన్నా ముఖ్యమైనది భద్రత. పేజీని చూపించే ప్రాసెస్‌కు అధికారాలు చాలా తక్కువ. మీ ఫైళ్లను అది నేరుగా ముట్టుకోలేదు. 2018 జనవరిలో స్పెక్టర్ అనే లోపం బయటపడింది. ప్రాసెసర్ చిప్‌ల పనితీరులోనే ఉన్న ఆ లోపం వల్ల, ఒకే ప్రాసెస్‌లో ఉన్న రెండు సైట్లలో ఒకదాని రహస్యాన్ని మరొకటి చదివే ప్రమాదం ఏర్పడింది. అందుకే క్రోమ్ అదే ఏడాది కంప్యూటర్లలో ఒక్కో సైటుకు విడి ప్రాసెస్ కేటాయించింది. పెనాంగ్‌లో కూర్చుని మీరు బ్యాంకు ఖాతా చూస్తుంటే, పక్కన తెరిచిన తెలియని సైటుకు ఆ వివరాలు అందకుండా కాపాడే గోడ ఇదే.

దీనికి మెమరీ ఎక్కువ ఖర్చవుతుంది. టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్ పేరు పదిసార్లు కనిపిస్తే కంగారుపడకండి. కంప్యూటర్ నెమ్మదిస్తే అక్కర్లేని ట్యాబులు మూసేయండి. బ్రౌజర్‌ను మాత్రం ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకోండి.