పాము ఆవులింత

ఆవులింత యనగనే మనకు నిద్రయు బడలికయు స్ఫురించును. మనుష్యుడే కాదు, కుక్కయు గుఱ్ఱమును కూడ ఆవులించును. పాము సయితము ఆవులించుననిన కొందఱకు వింతగ తోచును. బుట్టలోని త్రాచు నోరు విప్పినచో కఱవ వచ్చుచున్నదని జనులు బెదరి పరుగెత్తుదురు. ఆ నోరు విప్పుటకు గల కారణములను నేడు మనవి చేసెదను.

మన క్రింది దవడ ఒకే యెముక. కుడియెడమ పక్కలు గడ్డముకడ అతికియుండును. పాము దవడ అట్టిది కాదు. దాని రెండు సగములును ముందువైపున సాగెడి పట్టీవంటి మెత్తని కణజాలముతోను చర్మముతోను మాత్రమే కూడియుండును. వెనుకవైపున తలకును దవడకును నడుమ వేఱొక యెముక కీలువలె కదలుచుండును. కావుననే పాము తన తలకంటె లావైన యెలుకను నమలకయే మ్రింగగలదు. దవడ ఊడివచ్చునని పలువురు చెప్పుదురు కాని, అది నిజము కాదు, ఊడదు, సాగును. ఒక పక్క పండ్లు ఎరను పట్టియుండగా రెండవ పక్క ముందునకు జరుగును. ఆ సమయమున ఊపిరి యాగకుండ శ్వాసనాళపు మొన నోటి ముందునకు వచ్చును.

భోజనము ముగిసిన పిదప ఈ యెముకలన్నియు తమ తమ చోట్ల కుదురుకొనవలెను గదా! రైతు బండిలోని గడ్డి దింపిన పిదప సడలిన మోకులను సవరించుకొనునట్లు, పామును రెండు మూడు మాఱులు నోరు విప్పి మూసి దవడలను సరిచేసికొనును. ఇదియే ఆవులింతకు ముఖ్య కారణము.

పాము చీలిన నాలుకతో గాలిలోని వాసనకణములను గ్రహించి, అంగిటనున్న యొక యవయవమునకు చేర్చును. దానికి జాకబ్సన్ అవయవమని పేరు. నోరు విప్పుటవలన కూడ ఆ వాసనలు అచ్చటికి చేరునని కొందఱు పరిశీలకుల యభిప్రాయము.

అమెరికా, ఇంగ్లండు మొదలగు దేశములలో పశ్చిమాఫ్రికాకు చెందిన చిన్న కొండచిలువలను గాజుపెట్టెలలో పెంచువారు కలరు. అప్పుడప్పుడొక ఆవులింత కనబడినచో వారు కలత చెందరు. కాని పాము తల పైకెత్తి మాటిమాటికి నోరు తెఱచుచు, నురుగు గ్రక్కుచు, ఊపిరితో గురగుర మనుచున్నచో అది ఊపిరితిత్తుల వ్యాధియని యెఱిగి పశువైద్యునికడకు కొనిపోవుదురు. పామునకు మనవలె ఉదరవితానము లేదు. దగ్గి కఫమును వెడలగొట్టుకొనజాలదు. పెట్టెలోని చలియు తేమయు మితిమీరినచో ఈ వ్యాధి సంక్రమించును.

మన దేశమున 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము త్రాచును పట్టి యుంచుకొనుటను నిషేధించినది. అయినను నాగులచవితినాడు కొందఱు బుట్టలతో మన వాకిళ్లకు వచ్చుచుందురు. వారిలో కొందఱు కోఱలు పీకుదురు, కొందఱు నోరు కుట్టుదురు. నోరు కుట్టిన పాము తినలేదు, దవడలను సవరించుకొనలేదు. పుండ్లు చీము పట్టి చచ్చును. పోసిన పాలును దానికి ఆహారము కాదు. దప్పికచేత త్రాగినను అవి ఊపిరితిత్తులలోనికి పోయి హాని చేయవచ్చును. నాగదేవతపై భక్తి గలవారు ఈ హింసకు డబ్బు చెల్లించుట న్యాయమగునా? పుట్టకు మ్రొక్కి, పామును దాని త్రోవను పోనిచ్చుటయే నిజమైన పూజ.

తుదకొక్క మాట. పొలముగట్టున పాము ఆవులించుట చూచినచో అది కోపముచే గాదని యెఱుగుడు. కోపించిన త్రాచు పడగ విప్పి బుసకొట్టును. ఐనను దూరముననే నిలువుడు. ఒకవేళ పాము కఱచినయెడల మంత్రములకై కాలము వ్యర్థపుచ్చక, గాటు పెట్టక, రోగిని నడిపింపక, వెంటనే ఆసుపత్రికి చేర్పుడు. విషమునకు విఱుగుడు మందు అచ్చటనే లభించును. పాము నడవడి నెఱిగినవారికి భయము తగ్గును. భయము తగ్గినచోట పామును బ్రతుకును, మనుష్యుడును బ్రతుకును.