ఆన్‌లైన్ చదువుకి ఊరు అక్కర్లేదట, కుల ధ్రువపత్రానికి ఊరే కావాలట

(సాలువాలో తెలుగు విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సైబర్ సెక్యూరిటీలో పీజీ ఆన్‌లైన్‌లో ఎలా చదవాలో చెప్పమని తమ్ముళ్లు పిలిచారు. చెబుతాను. కోర్సు, ఫీజు, లాప్‌టాప్, పరీక్ష అన్నీ చెబుతాను. కానీ ఆ రెండేళ్లలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది క్రిప్టోగ్రఫీ కాదు, కుల ధ్రువపత్రం. అందుకని ఇవాళ్టి మాటల్లో సగం దాని మీదే పోతాయి. ముందే చెప్పేస్తున్నా.

మా ముత్తాత బి.ఎన్.ఆర్. కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ వచ్చారు. తాత రైల్వేలో పారిశుధ్య పని చేశారు. నాన్న వర్క్‌షాపులో ఖలాసీ. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి ఇదిగో, ఈ సాలువా దారిలో రెండు గదులు కట్టుకున్నాం. ఇక్కడ కూర్చున్న చాలామందిది ఇదే కథ, జిల్లా పేరు ఒక్కటే మారుతుంది. మాల, మాదిగ, రెల్లి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం. పట్టాలు వేశాం, బోగీలు కడిగాం, ఇంజన్లు విప్పి బిగించాం. నేను డిగ్రీ అయ్యాక ఉద్యోగం చేసుకుంటూ ఆన్‌లైన్‌లో సైబర్ సెక్యూరిటీ ఎమ్మెస్సీ చేశాను. ఇప్పుడు పీహెచ్‌డీలో ఉన్నాను.

ముందు చదువు సంగతి. రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. నెట్‌వర్కులు, ఆపరేటింగ్ సిస్టమ్స్, క్రిప్టోగ్రఫీ, డిజిటల్ ఫోరెన్సిక్స్, కాస్త చట్టం ఉంటాయి. చట్టమంటే 2000 నాటి ఐటీ చట్టం, 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. వీడియో పాఠాలు రాత్రి డ్యూటీ అయ్యాక కూడా వినొచ్చు. అసలు కష్టం ల్యాబ్. మన లాప్‌టాప్ లోపలే ఇంకో రెండు నకిలీ కంప్యూటర్లు నడిపి, ఒకదానితో ఇంకోదాని మీద దాడి చేసి, ఆ దాడి ఎలా జరిగిందో చూడాలి. దీనికి 4 జీబీ ర్యామ్ చాలదు. కనీసం 8 ఉండాలి, 16 ఉంటే నిశ్చింత. పాత లాప్‌టాప్ కొని ర్యామ్ పెంచుకోండి, కొత్తది అక్కర్లేదు. కాలీ లైనక్స్, వైర్‌షార్క్ లాంటివి ఉచితం. వాటిని నేర్పుతామని వేలకు వేలు అడిగేవాళ్ల దగ్గరికి వెళ్లకండి.

ఇంకో ఉచిత సంగతి. మన పక్కనే ఉన్న ఐఐటీ ఖరగ్‌పూర్‌లో దేబ్‌దీప్ ముఖోపాధ్యాయ్ క్రిప్టోగ్రఫీ గురించి, ఇంద్రనీల్ సేన్‌గుప్తా ఎథికల్ హ్యాకింగ్ గురించి చెప్పిన పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఎవరైనా చూడొచ్చు. ఆ క్యాంపస్ గోడకు ఇవతల పెరిగినదాన్ని, గోడకు అవతల చెప్పిన పాఠం ఫోన్‌లో విన్నాను. ఆ గేటులోంచి మనవాళ్లు చాలామంది లోపలికి వెళ్తూనే ఉన్నారు, చీపురు పట్టుకుని. పుస్తకం పట్టుకుని వెళ్లినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

డిగ్రీ పేరు జాగ్రత్తగా చూడండి. సాధారణ విశ్వవిద్యాలయాలు ఇంజనీరింగ్ డిగ్రీని ఆన్‌లైన్‌లో ఇవ్వకూడదని యూజీసీ 2020 నిబంధనలు చెబుతున్నాయి. పీహెచ్‌డీ కూడా ఆన్‌లైన్‌లో కుదరదు. ఎమ్మెస్సీ, ఎంసీఏ లాంటివి కుదురుతాయి, ఆ విశ్వవిద్యాలయానికి ఆ కోర్సుకి యూజీసీ అనుమతి ఉంటేనే. అనుమతి ఉన్న ఆన్‌లైన్ డిగ్రీ, కాలేజీకి వెళ్లి తెచ్చుకున్న డిగ్రీతో సమానమని 2022 సెప్టెంబరులో యూజీసీ స్పష్టం చేసింది. నా పీహెచ్‌డీ సీటు ఆ మాట మీదే నిలబడింది. 'పీజీ ప్రోగ్రామ్' అని పెద్ద అక్షరాలతో ప్రకటన ఇచ్చి చివరికి సర్టిఫికెట్ మాత్రమే చేతిలో పెట్టే కంపెనీలున్నాయి. వాళ్లే అప్పు కూడా ఇప్పిస్తారు. చదువు మానేసినా కిస్తీ ఆగదు. సంతకం పెట్టేముందు యూజీసీ జాబితా చూడండి.

పరీక్ష ఇంట్లోనే రాయాలి. కెమెరా తిప్పి గది నాలుగు మూలలూ చూపించాలి, గదిలో ఇంకెవరూ ఉండకూడదు, ఇంకో గొంతు వినపడకూడదు. అప్పుడు మేమింకా క్వార్టర్‌లోనే ఉన్నాం. పరీక్ష ఉన్న మూడు గంటలూ అమ్మ, నాన్న, చెల్లి బయట వేపచెట్టు కింద కూర్చునేవారు. పక్కింటి కుక్కర్ కూస్తే నా స్క్రీన్ మీద హెచ్చరిక వచ్చేది. దీపం సరిపోక మొహం కనపడలేదని ఒక పేపర్ మధ్యలో ఆగిపోయింది, మళ్లీ రాయాల్సి వచ్చింది. మొహాల్ని చదివే యంత్రాలు నల్లటి ఆడవాళ్ల దగ్గర ఎక్కువ తప్పులు చేస్తాయని 2018లో జాయ్ బులమ్‌వీని, టిమ్నిట్ గెబ్రూ పరిశోధించి చూపించారు. ఒక వ్యవస్థలో ఆ తప్పు 34 శాతం దాటింది. నా పేపర్ ఆగింది దీపం వల్లో, రంగు వల్లో నాకెవరూ చెప్పలేదు. సొంత గది ఉన్నవాడిని మనసులో పెట్టుకుని తయారుచేసిన పరీక్ష అది.

ఇక ఫీజు. ఇక్కడే అసలు కథ మొదలవుతుంది.

ఎస్సీ విద్యార్థులకి కేంద్రం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. ఆ పథకాన్ని రాష్ట్రాల ద్వారా నడిపిస్తుంది. విద్యార్థి ఏ రాష్ట్రంలో స్థిరపడ్డాడో ఆ రాష్ట్రం ద్వారానే రావాలి. ఆ విద్యార్థి కులం ఆ రాష్ట్రపు జాబితాలోనే ఉండాలి. మనం స్థిరపడ్డది పశ్చిమ బెంగాల్‌లో. బెంగాల్ ఎస్సీ జాబితా తీసి చూడండి. బాగ్దీ, బావురీ, డోమ్, నామశూద్ర, పోద్ ఉంటారు. మాల లేదు. మాదిగ లేదు. రెల్లి లేదు. ఈ సాలువాలోనే ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ కేంద్రం ఉంది కదా, అక్కడి నేపాలీ కుటుంబాల్లో కామీలు, దమాయిలు, సార్కీలు ఉంటారు. వాళ్ల కులాలు బెంగాల్ జాబితాలో ఉన్నాయి. ఉండాలి కూడా, వాళ్లకి అది న్యాయంగా దక్కిన హక్కు. ఒకే సంతలో కూరలు కొనుక్కుంటాం, ఒకే బడిలో పిల్లల్ని వేస్తాం. వాళ్ల పిల్లవాడు ఎస్సీ, మన పిల్లవాడు జనరల్. అయితే బస్తీలో అంటరానితనం మాత్రం మనల్ని జనరల్ అని వదిలిపెట్టదు.

ఎందుకిలా? రాజ్యాంగం 341వ అధికరణ ప్రకారం షెడ్యూల్డ్ కులాల్ని రాష్ట్రాల వారీగా ప్రకటిస్తారు. ఒక రాష్ట్రంలో ఎస్సీ అయినంత మాత్రాన ఇంకో రాష్ట్రంలో కాడు. దీన్ని సుప్రీంకోర్టు 1990లో గట్టిగా చెప్పింది. ఆ కేసు వేసింది కూడా తెలుగువాడే, మర్రి చంద్రశేఖరరావు. తెనాలిలో పుట్టిన గిరిజనుడు. తండ్రి ఎస్టీ కోటాలో కేంద్ర ప్రభుత్వ సంస్థలో ఉద్యోగంతో బొంబాయి వెళ్తే, తొమ్మిదేళ్ల పిల్లవాడిగా వెంట వెళ్లాడు. అక్కడ మెడికల్ సీటు అడిగితే నువ్వు ఇక్కడ ఎస్టీవి కావన్నారు, కోర్టూ అదే అంది. 2018లో బీర్ సింగ్ కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం మళ్లీ అదే దారిలో నడిచింది.

వలస వెళ్లినవాడు సొంత రాష్ట్రం నుంచి లబ్ధి పొందొచ్చని 1985 నాటి కేంద్ర హోంశాఖ ఉత్తర్వు ఒకటి ఉంది. సరే అని నేను రాత్రి రైలెక్కి శ్రీకాకుళం రోడ్డులో దిగాను. ముత్తాత ఊరి మండల కార్యాలయంలో గుమాస్తా అడిగాడు, "మీకిక్కడ రేషన్ కార్డుందా? ఓటుందా?" లేవన్నాను. "అయితే మీరు బెంగాల్ వాళ్లు కదమ్మా" అన్నాడు. బెంగాల్‌లో నన్ను ఆంధ్రదానివన్నారు. మూడుసార్లు తిరిగాక, తాతకి 1960ల్లో ఇచ్చిన పాత కాగితం రైల్వే సర్వీసు ఫైల్లో దొరికింది. దాని ఆధారంగా వలస కుటుంబాలకిచ్చే నమూనాలో ధ్రువపత్రం ఇచ్చారు. అప్పటికి మొదటి ఏడాది ఫీజు కట్టేశాను, అమ్మ చెవి దుద్దులతో.

ఆంధ్రలో ఇప్పుడు వర్గీకరణ మీద వాదన నడుస్తోంది. 2024 ఆగస్టు 1 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఎవరికెంత వాటా అని లెక్కలు 2025లో తేలాయి. ఎవరి వాదన వాళ్లది. మనం ఇక్కడ ఏ వాటాలోనూ లేం.

జాబితాలో పేరున్నా ఇంకో గోడ ఉంది. ఈ స్కాలర్‌షిప్‌కి కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదు. రైల్వేలో అట్టడుగు స్థాయి ఉద్యోగి మూల వేతనం ఏడో వేతన సంఘం ప్రకారం నెలకి 18,000. అంటే ఏడాదికి 2,16,000. ఇప్పటి కరువు భత్యం కలిపితే మూడు లక్షలు దాటుతుంది. పట్టాల మీద పని చేసే పర్మనెంట్ కార్మికుడి కూతురు ఈ లెక్కలో ఉన్నవాళ్ల బిడ్డ. అదే పని కాంట్రాక్టులో చేసేవాడి ఆదాయం పరిమితి లోపలే ఉంటుంది, కానీ ధ్రువపత్రం తెచ్చుకోవడానికి మూడుసార్లు శ్రీకాకుళం వెళ్లే సెలవు, డబ్బు అతనికి లేవు. బరోడా స్కాలర్‌షిప్ గడువు తీరి 1917లో బాబాసాహెబ్ లండన్ చదువు మధ్యలో వదిలి రావాల్సి వచ్చింది. మన పిల్లలకి మధ్యలో ఆగడానికి కూడా ఆ స్కాలర్‌షిప్ మొదలవడం లేదు.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. సంతోషించాం, మిఠాయిలు పంచుకున్నాం. మన నాలుకని గుర్తించారు. ఆ నాలుక ఏ వాడలో మాట్లాడుతోందో ఇంకా గుర్తించలేదు.

ఇంత కష్టపడి ఈ చదువే ఎందుకు అని పెద్దాయన ఒకరు ఇందాక అడిగారు. జీతం కోసమే, దాచేదేముంది. కానీ ఇంకో మాటుంది. ఆనంద్ తేల్తుంబ్డే గారు మీలో కొందరికి తెలిసే ఉంటారు, ఇక్కడి ఐఐటీలో మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్‌గా పనిచేశారు. బాబాసాహెబ్ మనవరాలి భర్త. భీమా కోరేగావ్ కేసులో 2020 ఏప్రిల్ 14న, సరిగ్గా అంబేద్కర్ జయంతి నాడు అరెస్టయ్యారు. 2022 నవంబరులో బొంబాయి హైకోర్టు బెయిలిచ్చింది. అదే కేసులో రోనా విల్సన్ కంప్యూటర్‌ని ఆర్సెనల్ అనే అమెరికన్ ఫోరెన్సిక్ సంస్థ పరిశీలించి 2021లో నివేదిక ఇచ్చింది. నెట్‌వైర్ అనే దొంగ ప్రోగ్రామ్ ద్వారా ఎవరో 22 నెలలపాటు ఆ కంప్యూటర్‌లో ఉండి, దాచిన ఫోల్డర్‌లో ఉత్తరాలు పెట్టారని అందులో రాసింది. ఎన్ఐఏ దాన్ని ఒప్పుకోలేదు. ఆ హార్డ్ డిస్క్ చదవడానికి మనవైపు నుంచి బోస్టన్ దాకా వెళ్లాల్సి వచ్చింది. ఒక ఫైలు ఎప్పుడు పుట్టింది, ఎవరు తెరిచారు, అసలు తెరిచారా లేదా అని చదవగలిగిన మనిషి మన వాడలో ఎందుకు ఉండకూడదు? రేపు మన కుర్రాడి ఫోన్ స్టేషన్‌లో లాక్కున్నప్పుడు ఏం అడగాలో తెలిసిన మనిషి?

బెంగాల్ జాబితాలో మన కులాల్ని చేర్చాలంటే రాష్ట్రం ప్రతిపాదించాలి, రిజిస్ట్రార్ జనరల్, జాతీయ ఎస్సీ కమిషన్ ఒప్పుకోవాలి, పార్లమెంటు చట్టం చేయాలి. అడగాలి, అడుగుతూ ఉండాలి. ఈలోగా, వలస కుటుంబాల నమూనాలో తెచ్చుకున్న ధ్రువపత్రం కేంద్ర సంస్థల దగ్గర పనికొస్తుంది. రైల్వే నియామకాలు, యూజీసీ నెట్, కేంద్ర విశ్వవిద్యాలయాలు, పీహెచ్‌డీకి ఇచ్చే జాతీయ ఎస్సీ ఫెలోషిప్ ఇవన్నీ దానితోనే.

అందుకని ఇంటికెళ్లి ట్రంకు పెట్టెలు తెరవండి. తాతల సర్వీసు పుస్తకం, పాత కుల కాగితం, ఊళ్లో బడి రికార్డు, భూమి పాసుపుస్తకం ఏది దొరికినా ఫొటో తీసి దాచండి. అసలు కాగితం ఎవరికీ ఇవ్వకండి, నకలే ఇవ్వండి. నా దగ్గర దరఖాస్తు నమూనాలు ఇరవై ఉన్నాయి. వెనక బల్ల మీద పెట్టాను, తీసుకెళ్లండి. చాలకపోతే వచ్చే ఆదివారం ఇంకొన్ని జిరాక్స్ తీయించి తెస్తాను.