కాటిసీను పద్యము లెవరివి?

(దుత్తలూరు నాటకాభిమానుల యెదుట చేసిన ప్రసంగపాఠము)



మన యువకులు ఈ వేసవిలో సత్యహరిశ్చంద్ర నాటకమును తామే వేషములు ధరించి ఆడదలచినారని విని మిక్కిలి సంతసించితిని. చందాలు పోగుచేసి, ఒక యూరినుండి హరిశ్చంద్రుని, వేరొక యూరినుండి చంద్రమతిని రప్పించి, యొక్క రాత్రి ఆడించి పంపుట నేడు పలు గ్రామముల వాడుక. ఒక్క రాత్రిలోనే హరిశ్చంద్ర పాత్ర ఇద్దరు ముగ్గురు నటుల చేతులు మారుచుండును. ఆడినమాట తప్పని రాజునకు గొంతుక మాత్రము మారుచుండుట వింతయే! ఆ నటుల విద్యను నేను తక్కువ చేయను. అయినను ఎరిగినవాడు వేషము కట్టి నిలిచినపుడు ఊరికి కలుగు గుండెదడ వేరు.

ఇది మన జిల్లాకు క్రొత్తగాదు. వేదము వేంకటరాయశాస్త్రిగారు 1899లో నెల్లూరున ఆంధ్రభాషాభిమాని సమాజమును నెలకొల్పిరి. 1897 నాటి వారి ప్రతాపరుద్రీయమున చాకలి పేరిగాడు తన యింటి భాషనే మాటలాడును. రాజుపోలిక యుండుటచే రాజువేషమును కట్టును. అంతటి పండితుడు చాకలివాని మాటను రంగస్థలమున నిలిపినాడు.

ఇక కాటిసీను. నాటకకర్త బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారు. అయితే శ్మశానమున హరిశ్చంద్రుడు ఎలుగెత్తి పాడగా జనము కంటతడి పెట్టు పద్యములలో ముఖ్యమైనవి వారు వ్రాసినవి కావు. అవి గుఱ్ఱం జాషువగారి శ్మశానవాటి ఖండికలోనివి. నటులు వానిని తెచ్చి చేర్చుకొనిరి. ప్రేక్షకులు మరల మరల పాడించుకొని నాటకములో స్థిరపరచిరి. 1895లో వినుకొండలో జనించిన ఆ కవి అంటరానివాడని యవమానింపబడినవాడు. ఆలయమున తనకు ప్రవేశము లేదు గనుక శివునికి తన మొర విన్నవింపుమని గబ్బిలమును వేడుకొనిన దళితుని కథను 1941లో కావ్యముగా వెలయించినవాడు. ఆ పద్యములకు వన్స్‌మోరు కొట్టు నోరు కవి పేరును పలుకకుండుట న్యాయమా? పద్యము మనది, కవి మాత్రము ఊరి వెలుపలివాడా?

కావున ఈ యువకులను రెండు కోరుచున్నాను. తెర లేవకముందే బలిజేపల్లివారి పేరుతోపాటు జాషువగారి పేరును చదువుడు. వేషములు పంచునపుడు గొంతును జూడుడు, వీధిని జూడకుడు. దళితవాడ కుఱ్ఱవాడు వచ్చినచో వీరబాహునికే తగుననుకొనుట తగదు. చక్రవర్తియే వీరబాహునికి బంటై, సొంత బిడ్డ శవమునకు భార్యను కాటిసుంకమడిగిన కథ గదా యిది! వాని గొంతు శ్రుతిలో నిలిచినచో కిరీటము వానికే పెట్టుడు. ఎవరికైనను కష్టము తోచిన యెడల, ఆ మాట వేషములు కుదిరిన పిమ్మట గాక నేడే యీ సభలో చెప్పవలెను.

మరొక చిన్నమాట. చదివింపుల జాబితాను విరామమున చదువుడు. లోహితుని శవముపై తల్లి యేడ్చుచుండగా మైకులో "ఫలానావారు నూటపదహారులు" అనుట దాతకును గౌరవము కాదు.

హార్మోనియము కుదిరినది, చంద్రమతి కుదిరినది. నక్షత్రకుని వేషమునకు మాత్రము ఇంకను ఎవరును ముందుకు రాలేదట. వెంటబడి బాకీ వసూలు చేయు నేర్పరులు మన మెట్టలో అంత కరవా?